ఇంటి కెమెరాలకు, వైఫైకి పీఓఈ స్విచ్ ఎంచుకోవడం: పోర్టులు కాదు, వాట్లు లెక్కపెట్టండి

ఖమ్మంలో అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు. నేను హైదరాబాద్‌లో, అక్క డల్లాస్‌లో. ఇంటి చుట్టూ కెమెరాలు పెట్టించింది దొంగల భయంతో కాదు. నాన్న పొద్దున్నే లేచి పూలమొక్కలకు నీళ్లు పోశారా, అమ్మ మెట్ల దగ్గర జారకుండా దిగిందా అని చూసుకోవడానికి. అన్నీ బిగించిన వారానికే అమ్మ ఫోన్ చేసింది: "గేటు కెమెరా రాత్రిపూట రావట్లేదురా, పొద్దునకల్లా మళ్లీ బాగానే ఉంటోంది."

కెమెరా మార్చాం. అదే తంతు. కనెక్టర్ కోసి కొత్తది వేయించాం. అయినా సాయంత్రం ఏడు దాటగానే బొమ్మ పోతుంది, రెండు నిమిషాలకు వస్తుంది, మళ్లీ పోతుంది. చివరికి తప్పు కెమెరాది కాదు, కేబుల్‌ది కాదు, స్విచ్‌దని తేలింది. స్విచ్ అంటే లైటు స్విచ్ కాదు, కెమెరాల కేబుళ్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ డబ్బా. కెమెరాలకు కరెంటు ఇచ్చేది కూడా అదే. అది పాడైపోలేదు కూడా. దాని శక్తికి మించిన బరువు మేమే దాని మీద పెట్టాం. చీకటి పడగానే కెమెరాల్లో ఐఆర్ లైట్లు (చీకట్లో చూడటానికి వాడే, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు) వెలుగుతాయి, కరెంటు వాడకం దాదాపు రెట్టింపవుతుంది, స్విచ్ ఇవ్వగలిగిన మొత్తం వాట్లు దాటిపోతాయి. అప్పుడది చివరి పోర్టుకు కరెంటు ఆపేస్తుంది. మా చివరి పోర్టులో ఉన్నది గేటు కెమెరా. అది ఆగగానే బరువు తగ్గుతుంది, స్విచ్ మళ్లీ కరెంటు ఇస్తుంది, కెమెరా లేస్తుంది, ఐఆర్ వెలుగుతుంది, మళ్లీ ఆగుతుంది. రాత్రంతా అదే.

ఆ టెన్షన్ మీకు వద్దు. కొనేముందు ఏం చూడాలో, ఏ వరుసలో చూడాలో రాస్తున్నాను.

మొదట: మీ ఇంట్లో ఉన్నవి పీఓఈ పరికరాలేనా?

పీఓఈ అంటే ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో డేటా, కరెంటు రెండూ వెళ్లే పద్ధతి. కెమెరా దగ్గర ప్లగ్ పాయింట్ అక్కర్లేదు, అడాప్టర్ అక్కర్లేదు. వైఫై యాక్సెస్ పాయింట్‌ను, అంటే కేబుల్‌తో వచ్చిన ఇంటర్నెట్‌ను వైఫైగా పంచే డబ్బాను, సీలింగ్‌కి బిగించినా పక్కన వైరు వేలాడదు.

అయితే ఐదారేళ్ల కిందట పెట్టించిన కెమెరాలు చాలావరకు డీవీఆర్ అనే పాత రకం రికార్డర్‌కు కలిపేవి. వాటికి గుండ్రటి బీఎన్‌సీ కనెక్టర్, పక్కన 12 వోల్టుల పవర్ పిన్ ఉంటాయి. వాటికి ఈ స్విచ్ పనికిరాదు. కెమెరా తోకకు ఇంటర్నెట్ కేబుల్ పట్టే చదరపు ఆర్‌జే45 సాకెట్ ఉండాలి. అది ఉన్నా సరిపోదు, డబ్బా మీద గానీ స్టిక్కర్ మీద గానీ పీఓఈ అని ఉండాలి. ఆర్‌జే45 ఉండి పీఓఈ లేని కెమెరాలు కూడా అమ్ముతున్నారు, అవి అడాప్టర్ మీదే నడుస్తాయి.

ఇంకో సంగతి. మీకు కావలసింది పై అంతస్తులో ఒక్క యాక్సెస్ పాయింటే అయితే స్విచ్ కొనకండి. ఒక్క కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే పీఓఈ ఇంజెక్టర్ అనే చిన్న డబ్బా చాలు. కొన్ని యాక్సెస్ పాయింట్లతో అది డబ్బాలోనే వస్తుంది. నాలుగు కెమెరాలే ఉండి, కేబుళ్లన్నీ ఎన్‌వీఆర్ (నెట్‌వర్క్ కెమెరాల వీడియో దాచే రికార్డర్) దాకా లాగే వీలుంటే, వెనకాల పీఓఈ పోర్టులున్న ఎన్‌వీఆర్ తీసుకున్నా సరిపోతుంది. కానీ ఆ పోర్టుల్లో యాక్సెస్ పాయింట్ మాత్రం పెట్టకండి. చాలా ఎన్‌వీఆర్‌లు ఆ పోర్టులను ఇంటి నెట్‌వర్క్ నుంచి వేరు చేసి, కెమెరాలకు తమ సొంత ఐపీ అడ్రసులు ఇచ్చుకుంటాయి. వైఫై సిగ్నల్ నిండుగా కనిపిస్తుంది, ఇంటర్నెట్ మాత్రం రాదు.

కెమెరాలు, వైఫై రెండూ కలిసి, ఐదారు పరికరాలు దాటితే అప్పుడు పీఓఈ స్విచ్ సరైన దారి. రెండంతస్తుల ఇంట్లో పైనున్న కెమెరాలన్నిటినీ పై స్విచ్‌కి కలిపి, కిందికి ఒక్క కేబుల్ దింపే సౌకర్యం కూడా దీనితోనే వస్తుంది.

రెండు: కాగితం తీసుకుని వాట్లు రాయండి

అసలు పని ఇదే. షాపులో "ఎన్ని కెమెరాలు సార్, ఎనిమిదా? ఎనిమిది పోర్టుల స్విచ్ తీసుకోండి" అంటారు. పోర్టుల సంఖ్య చూసి కొంటే మాకు జరిగినట్టే జరుగుతుంది.

ప్రతి పరికరం స్పెసిఫికేషన్ కాగితంలో పవర్ అనే వరుస ఉంటుంది. కెమెరాకు సాధారణంగా రెండు అంకెలు ఇస్తారు: 12 వోల్టుల అడాప్టర్‌తో నడిపితే ఇన్ని వాట్లు, పీఓఈతో నడిపితే ఇన్ని వాట్లు అని. మనం తీసుకోవలసింది పీఓఈ వరుసలోని గరిష్ఠ అంకె. అది అడాప్టర్ అంకెకంటే ఒకటి రెండు వాట్లు ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే 48 వోల్టులను కెమెరా లోపల 12కి దించేటప్పుడు కొంత వేడిగా పోతుంది.

మా ఇంటి లెక్క ఇది:

బుల్లెట్ కెమెరాలు 4, ఒక్కోటి 7 వాట్లు: 28
పెరట్లో తిరిగే పీటీజెడ్ కెమెరా 1: 18
వైఫై 6 యాక్సెస్ పాయింట్లు 2, ఒక్కోటి 13 వాట్లు: 26
మొత్తం: 72 వాట్లు

దీనికి పావు వంతు కలపండి. 72కి 18 కలిపితే 90. అంటే స్విచ్ మొత్తం పీఓఈ బడ్జెట్, అన్ని పోర్టులకూ కలిపి ఒకేసారి ఇవ్వగలిగిన కరెంటు, 90 వాట్లకు తగ్గకూడదు. ఆ పావు వంతు ఊరికే కలపమనట్లేదు. రేపు వీడియో డోర్‌బెల్ పెడతారు, ఇంకో కెమెరా పెడతారు. పైగా ఏ పవర్ సప్లయినైనా నూటికి నూరు శాతం బరువు మీద ఏళ్ల తరబడి నడిపిస్తే వేడెక్కి త్వరగా పోతుంది.

మేం మొదట కొన్న స్విచ్ డబ్బా మీద "8 పోర్టులు, ఒక్కో పోర్టుకు 30 వాట్లు" అని పెద్ద అక్షరాలతో ఉంది. ఎనిమిది ముప్పైలు 240 అని ఎవరైనా అనుకుంటారు. అడాప్టర్ తిరగేసి స్టిక్కర్ చదివితే అసలు సంగతి తెలిసింది: అవుట్‌పుట్ 52 వోల్టులు, 1.25 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 65. అందులో స్విచ్ తన సొంతానికి నాలుగైదు వాట్లు తీసుకుంటుంది. మిగిలేది 60. ఒక్కో పోర్టు 30 వాట్లు ఇవ్వగలదన్న మాట నిజమే, కానీ ఒకేసారి రెండు పోర్టులకే. పగలు మా పరికరాలన్నీ కలిపి 37 వాట్ల దగ్గర ఉండేవి కాబట్టి బిగించినతను చూపించినప్పుడు అన్నీ చక్కగా పనిచేశాయి. రాత్రి 64 అయింది.

అందుకే షాపులో స్విచ్ చేతికి తీసుకున్నప్పుడు ముందు అడాప్టర్ స్టిక్కర్ చూడండి. వోల్టులను ఆంపియర్లతో గుణించండి. ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు, అర నిమిషం పని. పవర్ సప్లయి లోపలే ఉన్న మోడల్ అయితే డబ్బా మీద పీఓఈ బడ్జెట్ లేదా మొత్తం పీఓఈ పవర్ అనే అంకె వెతకండి. ఆ అంకె ఎక్కడా రాయని స్విచ్‌ను నేనైతే కొనను.

మూడు: ఏ స్టాండర్డ్, ఏది నకిలీ

పీఓఈకి ఐఈఈఈ సంస్థ మూడు ముఖ్యమైన స్టాండర్డులు పెట్టింది. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ పోర్టు దగ్గర 15.4 వాట్లు ఇస్తుంది. 2009 నాటి 802.3ఏటీ, దాన్నే పీఓఈ ప్లస్ అంటారు, 30 వాట్లు ఇస్తుంది. 2018లో వచ్చిన 802.3బీటీ 60 వాట్లు, ఆపైన 90 వాట్ల దాకా వెళుతుంది.

మామూలు బుల్లెట్, డోమ్ కెమెరాలకు ఏఎఫ్ చాలు. తిరిగే కెమెరాలకు, చాలా వైఫై 6 యాక్సెస్ పాయింట్లకు, వైఫై 7 వాటికి ఏటీ కావాలి. కాబట్టి ఇంటికి ఏటీ ఉన్న స్విచ్ తీసుకోండి. ఏటీ పోర్టులో ఏఎఫ్ కెమెరా పెట్టినా ఇబ్బంది లేదు, దానికి కావలసినంతే తీసుకుంటుంది. బీటీ కోసం ఎక్కువ డబ్బు పెట్టడం ఇళ్లకు దాదాపుగా అనవసరం. మీరు కొనబోయే పరికరం కాగితంలో బీటీ కావాలని స్పష్టంగా రాసి ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

ఈ స్టాండర్డుల్లో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. స్విచ్ కేబుల్‌లోకి 48 వోల్టులు ఒక్కసారిగా వదలదు. ముందు పది వోల్టుల లోపు చిన్న వోల్టేజీ పంపి, అవతల సుమారు 25 కిలో ఓమ్‌ల నిరోధకత ఉందా అని చూస్తుంది. ఉంటే అది పీఓఈ పరికరమని నిర్ధారించుకుని, ఎన్ని వాట్ల తరగతిదో కూడా కనుక్కుని, అప్పుడే కరెంటు ఇస్తుంది. అందుకే అదే పోర్టులో టీవీనో ల్యాప్‌టాప్‌నో పెట్టినా వాటికేమీ కాదు.

చవక స్విచ్‌లు కొన్ని ఈ పరీక్ష చేయవు. వాటిని పాసివ్ పీఓఈ అంటారు. ఏం పెట్టినా 24 వోల్టులో 48 వోల్టులో నేరుగా తోసేస్తాయి. పీఓఈ కాని పరికరం దొరికితే అది కాలిపోవచ్చు. గుర్తుపట్టడం సులువు: డబ్బా మీద 802.3ఏఎఫ్ లేదా ఏటీ అనే మాట ఉండదు, "పీఓఈ 48 వోల్టులు" అనో "4,5 ప్లస్, 7,8 మైనస్" అనో మాత్రమే ఉంటుంది. ఆ 802.3 అనే అంకె కనిపించకపోతే తిరిగి ఇచ్చేయండి, ధర ఎంత తక్కువైనా సరే.

నాలుగు: పోర్టులు ఎన్ని, వేగం ఎంత

"10 పోర్టుల స్విచ్" అంటే మామూలుగా 8 పీఓఈ పోర్టులు, 2 అప్‌లింక్ పోర్టులు (కరెంటు ఇవ్వనివి, మిగతా నెట్‌వర్క్‌కు కలిపేవి). అప్‌లింక్‌లలో ఒకటి రూటర్‌కి, ఒకటి ఎన్‌వీఆర్‌కి. 5 పోర్టుల స్విచ్ అంటే పీఓఈ నాలుగే. ఇది తెలియక ఐదు కెమెరాలకు ఐదు పోర్టులది తెచ్చుకుని తలపట్టుకున్నవాళ్లను చూశాను. పరికరాల సంఖ్య కంటే కనీసం ఒక పీఓఈ పోర్టు, కుదిరితే రెండు, ఖాళీగా మిగిలేలా తీసుకోండి.

వేగం విషయంలో కెమెరాల గురించి దిగులు అక్కర్లేదు. 4 మెగాపిక్సెల్ కెమెరా హెచ్.265 అనే వీడియో కుదింపు పద్ధతిలో సెకనుకు నాలుగు నుంచి ఆరు మెగాబిట్లు పంపుతుంది. అలాంటివి ఎనిమిది పెట్టినా యాభై మెగాబిట్ల లోపే. అందుకే కెమెరాల కోసమని అమ్మే స్విచ్‌లు చాలావరకు 100 మెగాబిట్లవే. కెమెరాలకు అవి నిజంగానే చాలు.

చిక్కంతా యాక్సెస్ పాయింట్‌తో. ఇంటికి 300 మెగాబిట్ల ఫైబర్ కనెక్షన్ ఉంటుంది. హాల్లో రూటర్ పక్కన స్పీడ్ టెస్ట్ చేస్తే 290 వస్తుంది. పై గదిలో ఎప్పుడు చేసినా 93, 94 దగ్గర ఆగిపోతుంది. ఆ 94 కనిపిస్తే ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేయకండి, మధ్యలో ఎక్కడో 100 మెగాబిట్ల పోర్టో, నాలుగు తీగలే పనిచేస్తున్న కేబులో ఉందన్నమాట. కొన్ని స్విచ్‌లకు అప్‌లింక్‌లు మాత్రం గిగాబిట్ (1000 మెగాబిట్లు), పీఓఈ పోర్టులు 100 మెగాబిట్లవే ఉంటాయి. డబ్బా మీద "గిగాబిట్ అప్‌లింక్" అని ఉంటే అన్ని పోర్టులూ గిగాబిట్ అనుకోకండి. వైఫై కూడా అదే స్విచ్ మీద పెడుతుంటే అన్ని పోర్టులూ గిగాబిట్ ఉన్నదే కావాలి.

2.5 గిగాబిట్ పోర్టులున్న యాక్సెస్ పాయింట్లు ఇప్పుడు వస్తున్నాయి. ఇంటర్నెట్ కనెక్షన్ ఒక గిగాబిట్ దాటకపోతే, ఇంట్లో పెద్ద ఫైళ్ల సర్వర్ లేకపోతే, దానికోసం 2.5 గిగాబిట్ల స్విచ్ కొననక్కర్లేదు. ఆ యాక్సెస్ పాయింట్ మామూలు గిగాబిట్ పోర్టులోనూ చక్కగా నడుస్తుంది.

కెమెరా స్విచ్‌ల ముందువైపు చిన్న మీట ఒకటి ఉంటుంది, డిప్ స్విచ్. ఎక్స్‌టెండ్, వీల్యాన్ అని రాసి ఉంటుంది. ఎక్స్‌టెండ్ వైపు తోస్తే 100 మీటర్లు దాటిన కెమెరాలకు కూడా, 250 మీటర్ల దాకా, సిగ్నల్ వెళుతుంది. కానీ ఆ పోర్టుల వేగం 10 మెగాబిట్లకు పడిపోతుంది. అందులో యాక్సెస్ పాయింట్ ఉంటే ఇంట్లో వైఫై ఉండీ లేనట్టే. వీల్యాన్ వైపు తోస్తే పోర్టులు ఒకదానికొకటి కనిపించవు, అప్‌లింక్‌తో మాత్రమే మాట్లాడతాయి. అప్పుడు ఎన్‌వీఆర్‌ను ఎనిమిదో పోర్టులో పెడితే దానికి ఒక్క కెమెరా కూడా దొరకదు. ఏ పనీ చేయకుండా కెమెరాలన్నీ మాయమైతే ముందు ఈ మీట ఎవరైనా తోశారేమో చూడండి. ఇల్లు దులిపేటప్పుడు చెయ్యి తగిలి మారిపోవచ్చు.

ఐదు: మేనేజ్డ్ స్విచ్ కావాలా?

మీరు ఆ ఇంట్లోనే ఉంటే మామూలు స్విచ్ చాలు. ఏదైనా మొరాయిస్తే ప్లగ్ తీసి పెడతారు.

మీరు దూరంగా ఉండి, ఇంట్లో పెద్దవాళ్లు మాత్రమే ఉంటే నా సలహా మాత్రం వేరు. దూరం నుంచే లాగిన్ అయి, పోర్టుకు కరెంటు ఆపి మళ్లీ ఇవ్వగలిగే స్మార్ట్ స్విచ్ (మేనేజ్డ్‌లో చిన్న రకం) తీసుకోండి. కెమెరాలు అప్పుడప్పుడూ బిగుసుకుపోతాయి, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే చాలు. మామూలు స్విచ్ అయితే "నాన్నా, ఆ మెట్ల కింద డబ్బా తెరిచి నల్ల వైరు పీకండి" అని ఫోన్‌లో చెప్పాలి. డెబ్బై దాటిన మనిషి స్టూల్ ఎక్కి ఏ వైరు పీకుతాడో అని ఇక్కడ మన గుండె కొట్టుకుంటుంది. ఇప్పుడు నేను హైదరాబాద్ నుంచే ఆరో పోర్టును ఆపి పెడతాను, నాన్నకు తెలియను కూడా తెలియదు. అలా చేయాలంటే స్విచ్‌కి తయారీదారు క్లౌడ్ యాప్ ఉండాలి, లేదా రూటర్‌లో వీపీఎన్ (బయటినుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి వచ్చే రహస్య దారి) పెట్టుకోవాలి. స్విచ్ లాగిన్ పేజీని నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టకండి.

స్మార్ట్ స్విచ్‌లలో ఏ పోర్టు ఎన్ని వాట్లు తీసుకుంటోందో తెర మీద కనిపిస్తుంది. నేను ముందే చెప్పిన 37, 64 అంకెలు రెండో స్విచ్ కొన్నాక అందులో చూసినవే.

కెమెరాలను వేరే వీల్యాన్‌లో, అంటే అదే తీగల మీద విడిగా నడిచే నెట్‌వర్క్‌లో పెట్టి ఇంటి ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల నుంచి విడదీయడం కూడా ఈ స్విచ్‌లతో వీలవుతుంది. మంచి పనే, కానీ రూటర్ కూడా వీల్యాన్ తెలిసినది అయితేనే. ఇంటర్నెట్ కంపెనీ ఉచితంగా ఇచ్చిన రూటర్లలో చాలావాటికి ఆ సౌకర్యం ఉండదు. అది లేకపోతే కనీసం ప్రతి కెమెరాకూ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చండి.

ఆరు: కేబుల్‌లో పొదుపు చేయకండి

ఎంత మంచి స్విచ్ కొన్నా కరెంటు వెళ్లేది కేబుల్‌లోంచే. ఏఎఫ్ స్టాండర్డ్ 15.4 వాట్లు పోర్టు దగ్గర ఇచ్చి, పరికరం దగ్గర 12.95 వాట్లకే హామీ ఇస్తుంది. మిగతా 2.45 వాట్లు ఎటు పోయాయి? వంద మీటర్ల రాగి కేబుల్‌కు 20 ఓమ్‌ల నిరోధకత ఉంటుందని లెక్క వేశారు. 0.35 ఆంపియర్ల కరెంటును వర్గం చేసి 20తో గుణించండి, సరిగ్గా 2.45 వస్తుంది. అంటే స్టాండర్డ్‌లోనే కేబుల్ నష్టం కలిపి రాశారు, కానీ అది అసలైన రాగి కేబుల్ అనుకుని రాసిన లెక్క.

మార్కెట్‌లో సగం ధరకు దొరికే సీసీఏ కేబుల్ లోపల అల్యూమినియం, పైన రాగి పూత. నిరోధకత రాగికంటే సుమారు ఒకటిన్నర రెట్లు. దూరం పెరిగేకొద్దీ కెమెరా దగ్గర వోల్టేజీ పడిపోతుంది, కేబుల్ వేడెక్కుతుంది. పైగా అల్యూమినియం తీగ పదేపదే వంచితే రాగికంటే త్వరగా విరుగుతుంది. గోడలోపలి పైపులో వేశాక అది విరిగితే కొత్తది లాగడం ఎంత కష్టమో ఇల్లు కట్టినవాళ్లకు తెలుసు.

పరీక్ష సులువు. తీగ కొస బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం, ఎంత గీకినా ఎర్రగానే ఉంటే రాగి. ఇంకోటి, 305 మీటర్ల పెట్టె రెండు చేతులతో ఎత్తి చూడండి, సీసీఏ పెట్టె తేలిగ్గా లేస్తుంది. పూర్తి రాగి క్యాట్ 6 (నెట్‌వర్క్ కేబుల్ రకం) కావాలని నోటితో చెప్పడమే కాదు, బిల్లులో రాయించండి.

మా వైపు కొందరు ఎలక్ట్రీషియన్లు ఒకే కేబుల్‌ను రెండు పరికరాలకు పంచుతారు. నారింజ, ఆకుపచ్చ జతలు ఒక కెమెరాకు, నీలం, గోధుమ జతలు ఇంకోదానికి. పీఓఈలో ఇలా అస్సలు చేయించకండి. కొన్ని స్విచ్‌లు నీలం, గోధుమ జతల మీదే కరెంటు పంపుతాయి, మొదటి కెమెరాకు అది చేరదు. గిగాబిట్‌కు ఎలాగూ ఎనిమిది తీగలూ కావాలి. ఒక పరికరానికి ఒక కేబుల్, రెండు కొసల్లో ఒకే రంగుల వరుస: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ.

ఆరుబయట కెమెరా డబ్బాలో రబ్బరు మూత ఒకటి వస్తుంది, కనెక్టర్ మీద బిగించేది. బిగించేవాళ్లు తొందరలో దాన్ని డబ్బాలోనే వదిలేస్తారు. రెండో వానాకాలంలో మా పెరటి కెమెరా ఆగిపోతే కనెక్టర్ పీకి చూశాను. ఎనిమిది బంగారు రంగు పిన్నుల్లో మూడు పచ్చగా చిలుము పట్టి, ఒకటి పూర్తిగా కరిగిపోయి ఉంది. 48 వోల్టులు నిరంతరం ఉన్న చోట తేమ చేరితే రాగిని అలా తినేస్తుంది. ఆ మూత అప్పుడు డబ్బాలోనే, కవరు కూడా విప్పకుండా ఉంది.

పొలం దగ్గర మోటారు గదికో, వంద మీటర్లు దాటిన షెడ్డుకో వెళ్లాలంటే రాగి కేబుల్ వద్దు. ఫైబర్ వేసి, అక్కడి కరెంటుతో ఇంకో చిన్న పీఓఈ స్విచ్ పెట్టండి. దూరమూ సమస్య కాదు, పిడుగు పడినప్పుడు ఆ షెడ్డు నుంచి ఇంట్లోకి కరెంటు పరుగెత్తే దారి కూడా ఉండదు.

ఏడు: ఎక్కడ పెట్టాలి, కరెంటు ఎక్కడిది

చాలా ఇళ్లలో స్విచ్‌ను డాబా మీద మెట్లగదిలో, ఇనప డబ్బాలో పెడతారు, కేబుళ్లన్నీ అక్కడికి దగ్గర కాబట్టి. ఇంట్లో వాడే స్విచ్‌ల మీద ఎక్కువగా 0 నుంచి 40 డిగ్రీల వరకే అని రాసి ఉంటుంది. మే నెలలో ఖమ్మం, కొత్తగూడెం, రామగుండం వైపు నీడలోనే 45 దాటడం కొత్త కాదు. ఎండకు కాగిన మెట్లగదిలో మూసిన డబ్బా లోపల ఎంత ఉంటుందో ఊహించుకోండి. నాలుగు మీటర్ల కేబుల్ ఎక్కువైనా సరే, కింద మెట్ల కింద గానీ, హాల్లో టీవీ వెనక గానీ పెట్టండి. డబ్బాకు గాలి రంధ్రాలు ఉండాలి, వాటికి సన్నటి జాలీ వేయాలి. వెచ్చదనానికి బల్లులు, చీమలు చేరతాయి. పడకగదిలో పెట్టాల్సి వస్తే ఫ్యాన్ లేని మోడల్ చూడండి, రాత్రి నిశ్శబ్దంలో ఆ చిన్న ఫ్యాన్ మోత గట్టిగా వినిపిస్తుంది.

కరెంటు పోయినప్పుడే కెమెరా అవసరం ఎక్కువ. కాబట్టి స్విచ్, రూటర్, ఎన్‌వీఆర్, ఫైబర్ డబ్బా నాలుగూ ఇన్వర్టర్ లైన్ మీద ఉండాలి. ఒక్కటి తప్పినా మిగతా మూడూ దండగ. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ మీట ఉంటే అటు పెట్టండి, లేకపోతే కరెంటు మారే ఆ క్షణంలో అన్నీ ఆగి మళ్లీ లేస్తాయి. వైఫై రూటర్ కోసం అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్ దీనికి పనిచేయదు, పీఓఈ స్విచ్‌కు 48 వోల్టులకు పైన కావాలి. ఇన్వర్టర్ మీద, బిల్లు మీద బరువు ఎంతంటే, సగటున 45 వాట్లు రోజంతా నడిస్తే నెలకు సుమారు 32 యూనిట్లు.

ఉరుముల కాలానికి ముందు ఇంటి ఎర్తింగ్ ఒకసారి చూపించండి. ఎర్త్ పిన్ ఉన్న సాకెట్‌లోనే స్విచ్ పెట్టండి, హఠాత్తుగా పెరిగే వోల్టేజీని ఆపే మంచి సర్జ్ ప్రొటెక్టర్ మీద. బయటి గోడల మీద పొడవుగా పాకే కేబుల్ ఉంటే దానికి నెట్‌వర్క్ సర్జ్ ప్రొటెక్టర్ కూడా వేయించడం మంచిది. ఇవన్నీ ఉన్నా నేరుగా పడే పిడుగును ఆపలేవు, దగ్గర్లో పడ్డప్పుడు తీగల్లో పుట్టే దెబ్బను మాత్రం చాలావరకు కాస్తాయి.

ఎనిమిది: బిగించినతను వెళ్లిపోకముందు

పగలు బొమ్మ చూసి డబ్బులు ఇచ్చేయకండి. చీకటి పడేదాకా ఉండమనండి, లేదా కొంత డబ్బు రాత్రి పరీక్ష అయ్యాక ఇస్తానని ముందే మాట్లాడుకోండి. చీకట్లో అన్ని కెమెరాల ఐఆర్ వెలగనివ్వండి, తిరిగే కెమెరాను ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పండి, రెండు ఫోన్లలో వైఫై మీద వీడియోలు పెట్టండి. అరగంట ఒక్క కెమెరా కూడా ఆగకపోతే వాట్లు సరిపోయాయి. తర్వాత మెయిన్ ఆఫ్ చేసి ఇన్వర్టర్ మీద చూడండి. పై గదిలో స్పీడ్ టెస్ట్ చేయండి, 94 దగ్గర ఆగిందేమో.

పోర్టుల వరుస కూడా అప్పుడే సరిచేయించండి. చాలా మామూలు స్విచ్‌లలో ఒకటో పోర్టుకు మొదటి ప్రాధాన్యం, బరువు ఎక్కువైతే కరెంటు పోయేది చివరి పోర్టుకు. గేటు కెమెరా ఒకటిలో, మెట్ల దగ్గరది రెండులో, హాల్ యాక్సెస్ పాయింట్ మూడులో పెట్టండి. పెరట్లో తిరిగే కెమెరా చివర్లో ఉండొచ్చు.

మా ఇంట్లో ఇప్పుడున్నది 8 పీఓఈ పోర్టులు, 2 అప్‌లింక్‌లు, అన్నీ గిగాబిట్, ఏటీ స్టాండర్డ్, 120 వాట్ల బడ్జెట్ ఉన్న స్మార్ట్ స్విచ్. డబ్బా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించాను. ఒకటి గేటు, రెండు మెట్లు, మూడు హాల్ వైఫై అని వరుసగా, పెద్ద అక్షరాల్లో, తెలుగులో. నాన్న కళ్లద్దాలు లేకుండా చదవగలిగేంత పెద్దగా. దాని కింద స్విచ్ కొన్న తేదీ, వారంటీ ముగిసే నెల, నా ఫోన్ నంబరు.